వెండి గూడు మోసే పురుగు కోసం

బీదరు వెళ్లొచ్చానంటే అందరూ కోట చూశావా, గురుద్వారా చూశావా, బిద్రీ సామాను ఏం తెచ్చావు అని అడుగుతారు. కోట చూశాను, అదీ ఒక గోడను మాత్రమే, అందులోనూ జానెడు మేర. గురుద్వారా బస్సు కిటికీలోంచి కనిపించింది. బిద్రీ సామాను ఒక్కటీ కొనలేదు. తెచ్చుకున్నది దోసగింజంత పురుగును. ఇది విని మా తోటికోడలు, పురుగులు హైదరాబాదులో దొరకవా అంది. దొరుకుతాయి. ఇలాంటిది దొరకదు. ఆ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

నేను హైదరాబాదులో ఒక చిన్న డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని. అప్పట్లో ఊరు ఊరంతా కంప్యూటర్ల వెంట పడింది. అమీర్‌పేటలో ఏ మేడ ఎక్కినా కోచింగు బోర్డే, ఏ సందులో చూసినా సగం లేచిన భవనమే. కప్పలూ వానపాములూ ఎవరికి కావాలి? మార్చి ఆఖరుకు మా ప్రయోగశాల మూసేసి కంప్యూటర్ గది చేస్తామని యాజమాన్యం చెప్పేసింది. నన్ను కూడా కంప్యూటరు నేర్చుకుని, వచ్చే ఏటి నుంచి అదే చెప్పమన్నారు. ఆఖరి బ్యాచిలో తొమ్మిదిమంది పిల్లలు మిగిలారు.

ఆ రోజుల్లోనే ఎవరో పెళ్లికి బహుమతిగా ఇద్దామని ఎగ్జిబిషన్లో, బీదరులో నల్లటి లోహం మీద వెండి పొదిగి చేసే బిద్రీ పూలకూజా ఒకటి కొన్నాను. దానికి చుట్టిన కాగితం విప్పుతుంటే ఒక గూడు రాలింది. మీ ఇంట్లో కూడా చూసే ఉంటారు. స్నానాల గది గోడ మీదో, అటక మూలనో బూడిదరంగు గింజ ఒకటి అంటుకుని ఉంటుంది. మట్టి అనుకుంటాం. కాసేపు చూస్తే మెల్లగా జరుగుతుంది. అది ఒక చిన్న చిమ్మట పిల్ల. దుమ్మూ ఇసుకా నూలుపోగులూ నోటి పట్టుతో అతికించి ఇల్లు కట్టుకుని, ఆ ఇంటిని మోసుకుంటూ తిరుగుతుంది. ఆ ఇంటికి రెండు చివరలా రెండు తలుపులు. ఒళ్లు పెరిగేకొద్దీ చివరల్లో కొత్త వరసలు కట్టుకుంటుంది. దీని గురించి పుస్తకాల్లో వెతికితే నాకు నాలుగు ముక్కలకు మించి దొరకలేదు.

నాకు దొరికిన గూడు మాత్రం బూడిదరంగులో లేదు. మెరుస్తోంది. భూతద్దం పెట్టి చూస్తే ఒళ్లంతా వెండి రజను. క్లాసులో చూపించాను. సునీత అనే అమ్మాయి, ఇందులో ఉండే పురుగుకు రెక్కలొస్తే ఎట్లుంటది మేడం అని అడిగింది. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు గానీ, అది ఖాళీ ఇల్లు. ఏమని చెప్పను? ల్యాబు మూసేలోగా రెక్కలతో సహా చూపిస్తానని నోరు జారాను. తొమ్మిదిమందీ చప్పట్లు కొట్టారు. ఇక బీదరు వెళ్లక తప్పింది కాదు.

మంగళగి దగ్గర

మా ల్యాబు అటెండరు యాదయ్య అక్క నర్సమ్మ బీదరులో ఉంటుంది. ఆమె భర్తకు అక్కడి చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగం. యాదయ్య చీటీ మీద అడ్రసు రాసిచ్చి, జహీరాబాదులో బస్సు మారాలని మూడుసార్లు చెప్పాడు.

నేను ఎక్కింది హుమ్నాబాదు బస్సు. నా పక్కన ఒకావిడ, ఒళ్లో కందుల మూట. కందికాయలో పురుగు పడి ఈసారి సగం పంట పోయిందని నిట్టూర్చింది. అంతే, నాకు పూనకం వచ్చింది. ఆ పురుగు తల్లి ఒక చిమ్మటేననీ, రాత్రిపూట వచ్చి పూత మీద గుడ్లు పెడుతుందనీ మొదలుపెట్టి, నా వెండి గూటి దాకా వచ్చాను. ఆవిడ మధ్యమధ్యన తలూపుతూ ఎంతో మర్యాదగా విన్నది. చివరికి మూట భుజానికెత్తుకుని లేచి నిలబడి అంది.

"మంగళగి వచ్చిందమ్మా, నేను దిగుత. మీరు జహీరాబాద్‌ల దిగుతనంటిరి గద, అది ఎన్కనే పాయె."

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదంటే, మంచిగ చెప్తుంటిరి, నడుమ ఎట్ల ఆపుత అంది. అప్పటికి ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, ఇంత శ్రద్ధగా విన్న విద్యార్థిని నాకు అంతవరకు దొరకలేదు.

హుమ్నాబాదు దాకా పోయి దిగాను. రోడ్డు పొడుగునా లారీలు, లారీల నీడలో హోటళ్లు. అక్కడ సుస్లా అనే టిఫిను తిన్నాను. తడిపిన మరమరాలను ఉల్లిపాయ, వేరుశనగపొడి వేసి వేయించి, పక్కన ఇంత మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. నాలుగు రూపాయలు. మా తెనాలిలో మరమరాలంటే సాయంత్రం కాలక్షేపం, ఇక్కడ అదే పొద్దుటి భోజనం. రెండో ప్లేటు కూడా తిన్నాను. దారి తప్పినందుకు అదీ లాభం.

నర్సమ్మక్క ఇల్లు

బీదరులో నేలా ఎరుపే, రాయీ ఎరుపే. నర్సమ్మక్క ఉండేది రెండు గదుల ఇల్లు. ముందు చిన్న వాకిలి, దాని చుట్టూ చిల్లులు చిల్లులుగా ఉండే ఎర్రరాతి గోడ. ఆవిడ కన్నడలో కూరగాయలు బేరం చేసి, ఉర్దూలో ఇంటి యజమానులతో మాట్లాడి, తెలుగులో నన్ను లోపలికి పిలిచింది. జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టింది. పుంటికూర అంటే మా గోంగూరే. మేము దాన్ని పచ్చడి చేసి గొప్పలు చెప్పుకుంటాం, వీళ్లు పప్పులో వేసి గుట్టుగా తినేస్తారు.

పురుగు కోసం వచ్చానంటే ఆవిడకు నమ్మకం కలగలేదు. గూడు చూపిస్తే చేతిలోకి తీసుకుని, మా గోడల మీద బొచ్చెడు ఉంటయి, పొద్దుగాల్నే ఊడ్చి పారేస్త అంది. మెరిసేవి కావాలన్నాను. మెరిసేవి లేవంది. ఆ ఇంట్లో దుమ్మనేదే లేదు. గడపలు కూడా రోజూ తడిబట్టతో తుడుస్తుంది.

కోట మట్టి

రెండో రోజు పొద్దున్నే కోటకు పోయాను. నా లెక్క నాకుంది. బిద్రీ సామానుకు ఆ నల్లరంగు రావడానికి కోట మట్టి వాడతారని విన్నాను. మట్టితో పాటే పురుగు వచ్చి ఉంటుంది, కాబట్టి కోట గోడల్లో వెతకాలి. ఎంత తెలివి! రెండు గంటలపాటు ఒక చీకటి కమాను కింద గోడ మీదికి వంగి జానెడు జానెడు వెతికాను. గూళ్లు దొరికాయి. అన్నీ ఎర్రమట్టివే.

అప్పుడు అదే కమాను కిందికి ఒక ముసలాయన వచ్చాడు. తెల్ల గడ్డం, చేతిలో గుడ్డసంచి. గోడ అడుగున వానా ఎండా తగలని చోట మట్టి గీకి, చిటికెడు నాలుక మీద వేసుకుని చప్పరించాడు. ఊసేశాడు. రెండడుగులు జరిగి మళ్లీ గీకి, మళ్లీ చప్పరించాడు. ఈసారి తల ఊపి సంచిలో నింపుకున్నాడు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. మంచి మట్టి నాలుకకు తెలుస్తుందట, కళ్లకు తెలియదట. నలభై ఏళ్లుగా బిద్రీ పని చేస్తున్నాడు. మహబూబ్ చాచా అంటారని చెప్పాడు.

నా గూడు తీసి చూపించాను. ఆయన అరచేతిలో వేసుకుని ఎగాదిగా చూసి, పళ్లులేని నోటితో నవ్వడం మొదలుపెట్టాడు. "చాందీ చోర్" అన్నాడు. వెండి దొంగ. వాళ్ల కార్ఖానా గోడ మీద ఉంటాయట. వెండి తీగె పొదిగి ఆకురాయి పట్టినప్పుడు రాలే రజను ఎత్తుకుపోతాయట. మరి ఆ కార్ఖానా ఎక్కడంటే, నర్సమ్మక్క ఇంటికి రెండు సందుల అవతల. పిల్లను చంకన పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. కానీ బక్రీదు దగ్గర పడిందనీ, మర్నాడు పొద్దున్నే గోడలు గీకి సున్నం కొట్టిస్తున్నామనీ చెప్పాడు. ఉన్నది ఒక్క మధ్యాహ్నం. ఆయన సంచి నేనే మోస్తానని లాక్కుని, ఆయన కంటే ముందు నడిచాను.

చీపురు

కార్ఖానా పొడుగాటి ఒక్క గది. ఇద్దరు మనుషులు నేల మీద కూర్చుని, నల్లటి లోహం మీద ఉలితో గాడి తీసి అందులో వెండి తీగె కొడుతున్నారు. టక్ టక్ చప్పుడు, అంతా నేల చూపులే. గోడ కింద దుమ్ము కనబడింది. గూళ్లు అందులో రాలి ఉంటాయి కదా అని మూలనున్న చీపురు తీసి ఊడవబోయాను. టక్ టక్ ఆగిపోయింది.

"బేటీ, ఝాడూ కింద పెట్టు," అన్నాడు చాచా. అరవలేదు, కానీ నవ్వు కూడా లేదు.

తర్వాత ఆయనే నిమ్మళంగా చెప్పాడు. వెండి పనిచేసే చోట పరాయివాళ్లు చీపురు పట్టరు. ఊడ్చిన దుమ్ము బయటికి పోదు, గడప దగ్గర మొదలుపెట్టి లోపలికి ఊడుస్తారు. అది ఒక కుండలో చేరుతుంది. ఏడాదికోసారి దుమ్ము కడిగి వెండి తీసేవాళ్లు వచ్చి కుండ తీసుకుపోతారు. మా ఇళ్లలో లోపలి నుంచి బయటికి ఊడ్చేస్తే లక్ష్మి ఉంటుందంటారు. ఇక్కడ బయటికి ఊడిస్తే లక్ష్మి పోతుంది. క్షమించమన్నాను.

అయితే గోడ మీది గూళ్లు చేత్తో తీసుకుంటానన్నాను. దానికీ ఒప్పుకోలేదు. గోడ మీది వెండి కూడా కార్ఖానాదే కదా. నేను ఏడుపు మొహం పెట్టేసరికి చాచా గడ్డం గోక్కున్నాడు.

"నువ్వు తీస్తే తప్పు. తన కాళ్ల మీద తను పోయేదాన్ని మేం ఆపం," అన్నాడు.

అంటే నేను హైదరాబాదు నుంచి వెంట తెచ్చుకున్న మూడు డబ్బాల్లో ఒకటి తీసి గోడకు ఆనించి పట్టుకోవాలి. పురుగు తనంతట తాను నడిచి అందులోకి రావాలి. చాచా నలభై ఏళ్లుగా వీపు ఆనించి కూర్చునే చోట, తలకు మూరెడు పైన ఉంది మొదటిది. వెండి రంగులో నిలువునా వేలాడుతోంది. డబ్బా పెట్టాను. చిన్న నల్లటి తల బయటికొచ్చింది, ఆరు కాళ్లు గోడ పట్టుకున్నాయి, గూటిని ఒక్క లాగు లాగి ఆగింది. మళ్లీ ఒక లాగు. సగం దూరం వచ్చి తల లోపలికి పోయి, రెండో తలుపులోంచి బయటికొచ్చి వెనక్కి బయలుదేరింది! పనివాళ్లు పని ఆపి నా వెనక చేరారు. ఇటు ఇటు అని ఒకాయన దానికి ఉర్దూలో దారి చెబుతున్నాడు. మొదటిది డబ్బాలోకి వచ్చేసరికి చెయ్యి పడిపోయింది. పొద్దు వాలేలోగా మూడు డబ్బాల్లో మూడు పురుగులు. అవి ఊపిరాడక చస్తాయేమోనని సూదితో మూతలకు చిల్లులు పొడిచాను. రెండు సందులూ గాల్లో నడిచినట్టు వచ్చి, డబ్బాలు నర్సమ్మక్క అల్మారాలో పెట్టి, ఆవిడ ఫ్యాక్టరీ క్వార్టర్లకు పోయి ఉంటే ఆమెకు చెప్పకుండానే, తిని పడుకున్నాను. చెప్పకపోవడమే నేను చేసిన తప్పు.

కారప్పొడి

మూడో రోజు పది గంటల బస్సుకు పోవాలి. లేచి చూస్తే అల్మారాలో మూడు డబ్బాలూ తళతళ మెరుస్తున్నాయి. ఒకదాంట్లో నువ్వుల పొడి, ఒకదాంట్లో వేరుశనగ కారప్పొడి, ఒకదాంట్లో పుంటికూర పచ్చడి. చిల్లులున్న మూతల కింద కాగితం మడిచి పెట్టి మరీ బిగించి ఉంది.

అక్కడే కూలబడ్డాను. నర్సమ్మక్క పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందమ్మా, అట్ల కూసున్నరు? ఉత్త డబ్బలు ఎట్ల పంపుత? అండ్ల ఇంత మట్టి ఉండె, వాకిట్ల దులిపి సబ్బు పెట్టి కడిగిన."

మా అమ్మ కూడా ఇంతే. పక్కింటివాళ్ల గిన్నె వస్తే చక్కెరైనా వెయ్యకుండా తిరిగి పంపేది కాదు. అది తెలిసి కూడా, మట్టికీ పురుగుకీ తేడా తెలియదా, కళ్లు లేవా అనేశాను. ఆవిడ మొహం చిన్నబోయింది. ఆ మొహం ఇప్పటికీ నాకు గుర్తొస్తే మనసు గిలగిలలాడుతుంది.

చెప్పులేసుకుని కార్ఖానాకు ఉరికాను. గోడలు తెల్లగా, తడిగా, పచ్చి సున్నం వాసనతో ఉన్నాయి. చాచా గడ్డం నిండా సున్నం చుక్కలు. దుమ్ము కుండ కూడా తెల్లవారగానే వెళ్లిపోయిందట. ఆయన నా వైపు చూసి విషయం అడక్కుండానే తన చాయ్ కప్పు నాకిచ్చాడు. మళ్లీ గోడ మీదికి అవి రావాలంటే ఏడాది పడుతుందన్నాడు. ఏడాదికి నాకు ల్యాబు ఉండదు, సునీతా ఉండదు. చాయ్ తాగుతూ ఆ ముసలాయన ముందు కళ్లు తుడుచుకున్నాను.

ఎర్ర గోడ

తిరిగొచ్చేసరికి ఇల్లు బార్లా తీసి ఉంది. పొయ్యి మీద రొట్టె పెనం చల్లారిపోయింది. నర్సమ్మక్క వాకిట్లో గొంతుక్కూర్చుని ఉంది. తను దులిపిన చోటి నుంచి మొదలుపెట్టి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు వేళ్లతో నేల వెతుక్కుంటూ గోడ దాకా వచ్చి, ఇప్పుడు గోడ చిల్లులు ఒక్కొక్కటే చూస్తోంది. ఆ రోజు వాకిలి ఊడవలేదు. ఊడవని రోజు ఆవిడకు ఆ ఇంట్లో అదే మొదటిదై ఉంటుంది. నన్ను చూసి వేలితో చూపించింది.

"గిదేనా అమ్మా? మెరుస్తాంది. ముట్టలే నేను."

నడుమెత్తు దాకా ఎక్కేసింది ఆ వెండి దొంగ. ఎర్ర రాయి మీద పొద్దుటి ఎండ పడి ఎంత బాగుందో చెప్పలేను. మిగతా రెండూ ఏమయ్యాయో, పిచ్చుకలు తిన్నాయో తెలియదు. నేను నర్సమ్మక్క రెండు చేతులూ పట్టుకుని నా మాటకు క్షమించమని అడిగాను. ఆవిడ నవ్వి, కండ్లు ఉన్నయి గద అమ్మా అంది.

పెట్టడానికి డబ్బాలు లేవు, అన్నిట్లో కారం. ఆవిడ తన చెక్క కుంకుమ భరిణ ఖాళీ చేసి, పొడిగుడ్డతో తుడిచి తెచ్చింది. చాచా పెట్టిన షరతు చెప్పాను. ఇక్కడా లాగి తీయకూడదు, తన కాళ్ల మీద తనే రావాలి. ఇద్దరం గోడకు భరిణ ఆనించి, మోకాళ్ల మీద కూర్చున్నాం. పది గంటల బస్సు పోయింది. పన్నెండు గంటల బస్సు కూడా పోయేదే, పురుగు కాస్త దయతలచింది. దారి తిండి ఉండాలని నర్సమ్మక్క భరిణలో చిటికెడు ఎర్రమట్టి, ఇంత సాలెగూడు వేసింది. సాలెగూడు తింటుంది గానీ మట్టి అది తినదని నేను చెప్పలేదు. ఈసారి జహీరాబాదు మీదుగా పోయే బస్సులో భరిణ రెండు చేతుల్లో పట్టుకుని, ఎవ్వరికీ ఏ పాఠమూ చెప్పకుండా హైదరాబాదు చేరాను.

ఆఖరి క్లాసు

భరిణను ల్యాబులో నల్లబల్ల కింద గాజుపెట్టెలో పెట్టాను. దాని తిండికి ఈగ రెక్కలూ, వెంట్రుకలూ తెచ్చిపెట్టే పని పిల్లలు వంతులు వేసుకున్నారు. రెండు వారాలకు గూటి రెండు చివరలా ఎర్రటి వరస కనబడింది, నర్సమ్మక్క వాకిలి మట్టి. నెల తిరిగేసరికి ఆ ఎరుపు అంచున సన్నటి తెలుపు, నేను బోర్డు మీద రాస్తుంటే రాలిన సుద్ద. తర్వాత అది పెట్టె మూతకు అంటుకుని కదలడం మానేసింది.

మార్చి ఆఖరు వచ్చింది. కప్పల సీసాలు వెళ్లిపోయాయి. కంప్యూటర్ల అట్టపెట్టెలు గోడ పొడుగునా పేర్చారు. ఆఖరి క్లాసు రోజు కూడా గూడు ఉలకలేదు, పలకలేదు. పాఠం అయిపోయింది, గంట కొట్టారు, పిల్లలు లేవలేదు. యాదయ్య తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నేను బోర్డు తుడుస్తుంటే వెనక నుంచి సునీత మెల్లగా, మేడం, గాజు మీద చూడండి అంది.

బూడిదరంగు చిమ్మట. బియ్యపు గింజంత. రెక్కల మీద మూడు నల్ల చుక్కలు, తల మీద గడ్డిపరకల్లాంటి నూగు. రెక్కలు ఆరబెట్టుకుంటోంది. వెండి దాని ఇంటికే, ఒంటికి లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది మేడం అన్నాడొక పిల్లవాడు, కానీ భూతద్దం మాత్రం అందరికంటే ఎక్కువసేపు వాడే పట్టుకున్నాడు. తొమ్మిదిమందీ చూశారు. పదోవాడిగా యాదయ్య చూశాడు. తాళం ఆ రోజు గంట ఆలస్యంగా పడింది.

చిమ్మటను నమూనాగా జాగ్రత్త చేసుకున్నాను. ఖాళీ గూటిని కూడా దానితో పాటే ఉంచాలి, శాస్త్రం అలాగే చెబుతుంది. కానీ నర్సమ్మక్క భరిణ తిరిగి పంపాలి కదా. ఉత్త భరిణ ఎట్ల పంపుత? నడుమ వెండి, అటూ ఇటూ ఎర్రమట్టి, అంచున సుద్ద, ఆ గూటిని దూదిలో పెట్టి యాదయ్య చేతికిచ్చాను. లోపల ఏముందో అతనికి చెప్పలేదు.

వారం తర్వాత పక్కింటి కిరాణా కొట్టు ఫోను నుంచి నర్సమ్మక్క మాట్లాడింది. క్షేమసమాచారాలు అడిగింది. కందుల ధర పెరిగిందంది. భరిణ ముట్టిందా అన్నాను.

"ముట్టిందమ్మా," అంది. "ఈసారి దులుపలే."